ముదురు కోడి గుడ్డు ఎంత దూరం పోవాలి?

కిరాణా కొట్టులో గుడ్లు కొనేవాళ్లు నాటువా, ఫారంవా అని అడుగుతారు. ఎప్పుడొచ్చాయని అడుగుతారు. కొందరు వెలుతురుకెత్తి చూస్తారు, ఇంకొందరు చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తారు. ఆ గుడ్డు పెట్టిన కోడి వయసెంతని మాత్రం ఎవరూ అడగరు. అదే గుడ్డును ఏరి ట్రేలో సర్దిన ఫారం రైతుకు లెక్కలన్నీ కోడి వయసుతోనే మొదలవుతాయి. ఇరవయ్యారు వారాల బ్యాచ్ అంటే పీక్ మీదుందని అర్థం, డెబ్బై దాటిందంటే లారీకి కబురు పంపాలని అర్థం. తినేవాళ్లకు పట్టని ఈ వయసు పెంచేవాళ్లకు లాభనష్టాల మూలం. ఇద్దరి లెక్కా సగం సగమే సరైనదని నాకనిపిస్తుంది. కోడి ముదిరే కొద్దీ గుడ్ల సంఖ్య తగ్గుతుంది, పెంకు పలచనవుతుంది. లోపలి తిండిలో వచ్చే మార్పు మాత్రం మనం భయపడేంత ఉండదు. పెంకు పలచనైతే ఆ గుడ్డు ప్రయాణానికి పనికిరాకుండా పోతుంది, తినడానికి పనికిరాకుండా పోదు. కాబట్టి బాన్సువాడ లాంటి చోట ముదురు కోడి గుడ్డు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకన్నా, దాన్ని ఎక్కడ తినాలన్న ప్రశ్న ముఖ్యమైనది.

బాన్సువాడ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలోది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ నీళ్లతో చుట్టుపక్కల ఊళ్లలో వరి పండుతుంది, జిల్లాలో మక్కలూ బాగానే వేస్తారు. వరి ఉన్నచోట మిల్లు, మిల్లు ఉన్నచోట తవుడు, నూకలు. మక్కలకు తవుడు తోడైతే కోడి దాణాలో సగానికి మించి చేతికొచ్చినట్టే. తెలుగు నేల మీద కోళ్ల పరిశ్రమ ఇంతగా ఎదగడానికి ఇదొక కారణం. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన బి.వి. రావు, 1982లో రైతులను కూడగట్టి నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీని నిలబెట్టడం మరో కారణం. రోజూ పత్రికల్లో వచ్చే ‘నెక్ ధర’ ఆ కమిటీదే. కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల్లో 2023-24లో దేశం మొత్తం 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 17.85 శాతం, దేశంలో మొదటి స్థానం. తెలంగాణది 12.88 శాతం, మూడో స్థానం. అయినా ఆ ఏడాది దేశంలో తలకు 103 గుడ్లే వచ్చాయి. పోషకాహార నిపుణులు 180 తినమంటారు. ఈ కొరత ఉన్న దేశంలో ఏ కోడి గుడ్డును తీసిపారేయాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

కోడిపిల్ల బయటికొచ్చే నాటికే దాని ఒంట్లో వేల కొద్దీ సూక్ష్మమైన అండాలుంటాయి. పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. పెట్ట గుడ్డుకొచ్చే వేళకు ఆ అండాల్లో కొన్ని పసుపు పట్టి పెరగడం మొదలవుతుంది; ఏ రోజు చూసినా అరడజను పచ్చసొనలు పెద్దా చిన్నా వరసలో తమ వంతు కోసం ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది విడివడి అండవాహికలో పడుతుంది. అక్కడ సుమారు మూడు గంటలు తెల్లసొన పట్టడానికి, గంటకు పైగా పెంకు కింది పొరలు ఏర్పడటానికి, మిగతా ఇరవై గంటల దాకా పెంకు గట్టిపడటానికి. మొత్తం 24 నుంచి 26 గంటలు. ఒక గుడ్డు బయటపడ్డ అరగంటకు ఇంకో పచ్చసొన బయల్దేరుతుంది. రోజు కన్నా కాస్త ఎక్కువ సమయం పడుతుంది కనుక ఇవాళ పొద్దున ఏడింటికి పెట్టిన కోడి రేపు ఎనిమిదింటికి, ఎల్లుండి ఇంకా పొద్దెక్కాక పెడుతుంది. అలా జరిగి జరిగి ఒకరోజు నాగా పెట్టి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. వయసులో ఉన్న మంచి లేయర్ కోడికి ఈ వ్యవధి సరిగ్గా 24 గంటలకు దగ్గరగా ఉంటుంది, అందుకే వారాల తరబడి నాగా లేకుండా పెట్టగలదు. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఒక వైట్ లెగ్‌హార్న్ కోడి 1979 ఆగస్టుతో ముగిసిన 364 రోజుల్లో 371 గుడ్లు పెట్టింది. వయసు మీదపడ్డ కోడిలో పచ్చసొన తయారయ్యే వేగం తగ్గుతుంది, వ్యవధి సాగుతుంది, నాగాలు దగ్గరపడతాయి. ఫారం రిజిస్టరులో గుడ్డు శాతం పడిపోయిందంటే ఎక్కువ భాగం జరిగింది ఇదే. కొన్ని కోళ్లు పూర్తిగా మానేయడం మిగతా భాగం.

లేయర్ పెట్ట పద్దెనిమిది, ఇరవై వారాల మధ్య తొలిగుడ్డు పెడుతుంది. ఇరవయ్యారు నుంచి ముప్పై వారాలకు పీక్: నూటికి తొంభై మూడు, తొంభై ఐదు కోళ్లు రోజూ గుడ్డు పెడుతుంటాయి. కొన్ని వారాలు అలాగే నిలిచి, తర్వాత మెల్లగా దిగడం మొదలవుతుంది. డెబ్బై రెండు వారాలకు డెబ్బై ఐదు, ఎనభై శాతం మధ్య ఉంటే మంచి బ్యాచే. కోడికి అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. సహజంగా అది ఆరేడేళ్లు బతికే పక్షి. మరి ఎందుకు తీసేస్తారు? డెబ్బై ఐదు శాతం పెట్టే కోడీ తొంభై ఐదు శాతం పెట్టే కోడీ తినే దాణా దాదాపు ఒకటే, రోజుకు నూట పది గ్రాముల చుట్టూ. ఫారం ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా దాణాదే. దాణా ధర పెరిగి, గుడ్డు ధర పడిపోయిన నెలలో ఆ ఇరవై గుడ్ల తేడాలోనే లాభం మొత్తం హరించుకుపోతుంది. అంటే డెబ్బై రెండు వారాలన్న గీతను గీసింది కోడి ఒళ్లు కాదు, మక్కల ధర. మక్కలు చవకగా ఉండి గుడ్డు ధర నిలబడిన ఏడాది అదే రైతు అదే కోళ్లను ఎనభై, తొంభై వారాల దాకా ఉంచుకుంటాడు. వయసు గురించి మనం ప్రకృతి ధర్మంలా మాట్లాడుకునే విషయాల్లో కొన్ని ఇలా బజారు ధర్మాలే.

సంఖ్య తగ్గుతుంటే గుడ్డు పెరుగుతుంటుంది. తొలి వారాల్లో నలభై, నలభై ఐదు గ్రాములుండే గుడ్డు ఏడాది తిరిగేసరికి అరవై దాటుతుంది. ఎందుకంటే పచ్చసొన తయారవడానికి ఎక్కువ రోజులు పడుతున్న కొద్దీ అది ఎక్కువ బరువెక్కుతుంది, దాని చుట్టూ తెల్లసొనా ఎక్కువే పడుతుంది. అగ్‌మార్క్ తరగతుల్లో 45 నుంచి 52 గ్రాములది మధ్యరకం, 53 నుంచి 59 పెద్దది, 60 పైన మరీ పెద్దది. కొట్లో మనం కొనేది మాత్రం తూకంతో కాదు, లెక్కతో. నెక్ ధర కూడా వంద గుడ్లకే. నలభై ఐదు గ్రాముల గుడ్డులో ఐదు గ్రాముల మాంసకృత్తులుంటే అరవై గ్రాముల గుడ్డులో ఆరున్నరకు పైనే ఉంటాయి. అంటే ఒక్కో గుడ్డుకు ఒకే ధర పెట్టే ఇంట్లో లేత కోడి గుడ్డు కొన్నవాళ్లకన్నా ముదురు కోడి గుడ్డు కొన్నవాళ్లకు పావు వంతుకు పైగా ఎక్కువ తిండి దక్కుతుంది. దీన్ని ఎవరూ బోర్డు మీద రాసి పెట్టరు. అంగన్‌వాడీలకు గుడ్లు సరఫరా చేసే టెండర్లలో కనీస బరువు అడగడం వెనక ఉన్న తర్కం ఇదే: లెక్క సరిపోయినంత మాత్రాన పిల్లకు అందే తిండి సరిపోదు.

ఇక పెంకు. అసలు కథంతా ఇక్కడే ఉంది. గుడ్డు పెంకు బరువు అయిదారు గ్రాములు, మందం మిల్లీమీటరులో మూడో వంతు చుట్టూ. అందులో రెండు గ్రాములకు పైగా కాల్షియం. ఏడాదికి మూడు వందల గుడ్లు పెట్టే కోడి ఆరు వందల గ్రాములకు మించిన కాల్షియం బయటికి పంపుతుంది. దాని ఎముకలన్నిటిలో కలిపి ఉండేది ఇరవై, పాతిక గ్రాములే. తన అస్థిపంజరంలో ఉన్నదానికి పాతిక, ముప్పై రెట్లు ఒక్క ఏడాదిలో ఇచ్చేస్తోందన్నమాట. పెంకు ఎక్కువగా రాత్రిపూట గట్టిపడుతుంది, అప్పుడు కోడి మేత మేయదు. అందుకని పెట్ట తొలిగుడ్డుకు ముందే కాలి ఎముకల లోపల ప్రత్యేకమైన నిల్వ ఎముకను పేర్చుకుంటుంది. రాత్రి పేగులో కాల్షియం అయిపోతే ఈ నిల్వ నుంచి తీస్తుంది, పగలు మేసి మళ్లీ నింపుకుంటుంది. వయసు పెరిగే కొద్దీ మూత్రపిండాల్లో విటమిన్ డి చురుకైన రూపానికి మారడం మందగిస్తుంది, పేగు కాల్షియాన్ని పీల్చే శక్తి తగ్గుతుంది, నిల్వ ఎముక సరిగ్గా నిండదు, చివరికి గట్టి ఎముక కూడా కరుగుతుంది. ముదురు లేయర్ కోళ్లు కాళ్లు చచ్చుబడి పంజరంలో కూలబడటం, పట్టుకుంటే రెక్క ఎముక విరగడం ఇందువల్లే. ఇంత కష్టపడి కోడి తన పెంకు బరువును దాదాపు నిలబెట్టుకుంటుంది. గుడ్డు మాత్రం ఆగకుండా పెరుగుతోంది. యాభై గ్రాముల గుడ్డు అరవై మూడు గ్రాములైతే దాని ఉపరితలం సుమారు పదిహేడు శాతం పెరుగుతుంది. పెంకు పదార్థం ఆ మేరకు పెరగదు. ఉన్న సున్నాన్నే పెద్ద గోడకు పూసినట్టు అవుతుంది. లేత బ్యాచ్‌లో నూటికి ఒకటి రెండు పగిలే గుడ్లు ముదురు బ్యాచ్‌లో పదికి చేరడం, అక్కడక్కడా తోలుగుడ్లు కనిపించడం దీని ఫలితమే.

తెలంగాణ ఎండాకాలం దీనికి తోడైతే నష్టం రెండింతలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఒగరుస్తుంది. ఒగర్చినప్పుడల్లా రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. అందులో కార్బొనేట్ భాగానికి ముడిసరుకు రక్తంలోని ఆ వాయువే. పైగా ఎండకు మేత తగ్గుతుంది, మేతతో పాటు కాల్షియమూ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై మూడు డిగ్రీలు తగిలే చోట ముప్పై వారాల కోడి పెంకు కూడా పలచబడుతుంది, డెబ్బై వారాల కోడి సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి కోడి వయసు ఎంతన్నదొక్కటే చాలదు, ఏ వయసులో ఉండగా ఎండాకాలం వచ్చిందన్నది చూడాలి. ఒకే వయసున్న రెండు బ్యాచ్‌లు, ఒకటి డిసెంబరులోనూ ఇంకొకటి మేలోనూ డెబ్బై వారాలు దాటితే, వాటి పగుళ్ల లెక్క ఒకటిగా ఉండదు.

‘పెంకు సరే, లోపల కూడా పలచబడుతుంది కదా’ అని అడగొచ్చు. పలచబడుతుంది. గుడ్డు పగలగొట్టి పళ్లెంలో వేస్తే పచ్చసొన చుట్టూ చిక్కటి తెల్లసొన ఎంత ఎత్తుగా నిలబడుతుందో కొలిచి, గుడ్డు బరువుతో సరిచూసి వేసే మార్కును హా యూనిట్ అంటారు. అమెరికాకు చెందిన రేమండ్ హా 1937లో పెట్టిన కొలత ఇది. అమెరికాలో 72 పైన వస్తే అత్యుత్తమ తరగతి, 60 నుంచి 71 దాకా దాని తర్వాతిది. లేత కోడి తాజా గుడ్డు తొంభై చుట్టూ తూగితే, ఏడాది గుడ్లు పెట్టిన కోడి తాజా గుడ్డు డెబ్బైల్లో, ఎనభైకి అటూఇటూ తూగుతుంది. అయితే ఈ తేడాను నిల్వ తేడాతో పోల్చి చూడాలి. 2005లో టర్కీ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో 91 ఉన్న గుడ్లను పది రోజులు నిల్వ చేశారు. అయిదు డిగ్రీల చల్లదనంలో ఉంచినవి 76కు, ఇరవై ఒక్క డిగ్రీల్లో ఉంచినవి 54కు, ఇరవై తొమ్మిది డిగ్రీల్లో ఉంచినవి 41కి దిగాయి. ఇరవై తొమ్మిది డిగ్రీలంటే బాన్సువాడలో ఎండాకాలపు తెల్లవారుజామున ఉండే వేడి. కోడికి ఏడాది వయసు మీదపడితే పోయే మార్కులు పది, పదిహేను. గుడ్డు పది రోజులు కొట్లో కూర్చుంటే పోయేవి యాభై. పళ్లెంలో నీళ్లలా పారిన గుడ్డును చూసి ‘ముసలి కోడిది’ అనుకునేవాళ్లు కోడిని నిందిస్తున్నారు, నిందించాల్సింది దాన్ని ఎండలో నిలబెట్టిన వరసను.

బలం సంగతికొస్తే, ముదురు కోడి గుడ్డులో సత్తువ ఉండదన్న నమ్మకానికి ఆధారం దొరకదు. గుడ్డులో పచ్చసొన వాటా వయసుతో కాస్త పెరుగుతుంది, తగ్గదు. కొవ్వు, విటమిన్ ఎ, ఇనుము ఉండేది ఎక్కువగా పచ్చసొనలోనే. పచ్చసొన రంగు కోడి వయసును చెప్పదు, మేతను చెబుతుంది. మక్కలు, పచ్చగడ్డి, బంతిపూల పొడి తింటే ముదురు పసుపు. నూకలు, తెల్లజొన్నలు తింటే పాలిపోయిన పసుపు. ఉడికించిన గుడ్డుకు పెంకు అంటుకుని రావడం లేదంటే అది ముసలి కోడి గుడ్డని మధ్యాహ్న భోజనం వండేవాళ్లు అనుకోవచ్చు. నిజానికి అది మరీ తాజాగా ఉన్నందుకు వచ్చిన ఇబ్బంది. నాలుగు రోజులాగితే లోపలి వాయువు బయటికి పోయి తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, పెంకు తేలిగ్గా ఊడుతుంది. నీళ్లలో వేస్తే గుడ్డు తేలడం కూడా నిల్వకు గుర్తే. కొనేవాళ్లు వాడే పరీక్షల్లో ఒక్కటి కూడా కోడి వయసును పట్టుకోలేదు. లేత కోడి గుడ్లేమైనా మచ్చలేనివా అంటే అదీ కాదు. తొలి వారాల్లో పచ్చసొనల వరస ఇంకా కుదురుకోక రెండు ఒకేసారి జారితే జంటసొన గుడ్డు వస్తుంది, కొన్నిసార్లు సొనే లేని గోలీకాయంత గుడ్డు వస్తుంది.

ముదురు గుడ్డు మీద నిజంగా బరువున్న అభ్యంతరం వేరే ఉంది, దాన్ని దాటవేయకూడదు. గుడ్డు బయటికొచ్చేముందు దాని మీద కంటికి సరిగా కనపడని సన్నని పూత పడుతుంది. అది పెంకులోని వేలాది రంధ్రాలను మూసి సూక్ష్మజీవులను ఆపుతుంది. వయసు ముదిరిన కోడిలో ఈ పూత పలచన. పెంకూ పలచనే. పైగా కంటికి కనిపించని వెంట్రుకవాసి పగుళ్లు ఎక్కువ. సాల్మొనెల్లా లోపలికి దూరే అవకాశం ఈ గుడ్లలోనే అధికం. ఈ మాట నిజమే, కానీ ఇది ప్రయాణం మీద ఆధారపడిన ప్రమాదం. ఫారంలో ట్రేకు, ట్రే నుంచి ఆటోకు, ఆటో నుంచి హోల్‌సేల్ గోదాముకు, అక్కణ్నుంచి కొట్టుకు చేరేసరికి గుడ్డు పడే ప్రతి కుదుపూ ఒక పగులుకు అవకాశం, గడిచే ప్రతి వేడి రోజూ సూక్ష్మజీవి పెరగడానికి అవకాశం. పెట్టిన మర్నాడో మూడో నాడో ఉన్న ఊళ్లోనే బాగా ఉడికించి తినేసే గుడ్డుకు ఈ రెండూ ఉండవు. లేత కోడి గట్టి పెంకు గుడ్లను దూరం పంపాలి, ముదురు కోడి పెద్ద గుడ్లను దగ్గర్లో తినాలి. వయసుల వారీగా వేరు చేయని మన వ్యాపారంలో ఈ రెండూ ఒకే లారీలో ఒకే దూరం పోతున్నాయి.

పరిశ్రమ దీనికి ఇంకో జవాబు వెతుకుతోంది. యూరప్‌లోని కోళ్ల జాతుల సంస్థలు కొన్నేళ్లుగా ‘వంద వారాలు, అయిదు వందల గుడ్లు’ అన్న లక్ష్యం పెట్టుకుని, చివరిదాకా పెంకు గట్టిగా ఉండే, గుడ్డు మరీ పెద్దదవని కోళ్లను ఎంచుకుంటూ వస్తున్నాయి. కొత్త పిల్లలను ఇరవై వారాలు ఊరికే మేపే ఖర్చు ఎక్కువ గుడ్ల మీద పడుతుంది కనుక ఇది తెలివైన లెక్కే. అయితే ఆ కోడి ఎముకలు ఎంతవరకు తట్టుకుంటాయన్నది ఆ లెక్కలో చివరి వరసలో ఉంటుంది. మన దగ్గర పాత పద్ధతి ఈకలు రాల్పించడం. కోడి సహజంగానే ఏడాదికోసారి ఈకలు రాల్చి, గుడ్లు మానేసి, ఒళ్లు బాగుచేసుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పెంకు మునుపటికన్నా గట్టిగా వస్తుంది. ఈ విశ్రాంతిని అన్ని కోళ్లకూ ఒకేసారి తెప్పించడానికి కొన్ని రోజులు మేత ఆపేసేవారు. ఆకలితో మాడ్చడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి విరుద్ధమని భారత జంతు సంక్షేమ బోర్డు 2011లో స్పష్టం చేసింది. మేత ఆపకుండా, తవుడు లాంటి తక్కువ సత్తువ మేతతో కూడా అదే ఫలితం రాబట్టవచ్చు. ముందుగా పట్టించుకోవాల్సింది కోడికి విశ్రాంతి అవసరమన్న సంగతి. దాన్ని ఎలా ఇస్తామన్నది ఆ తర్వాత.

ఇక పెరటి కోళ్ల వైపు వద్దాం. దేశంలో వచ్చే గుడ్లలో పదిహేను శాతం దాకా ఇవే. నాటుకోడి ఏడాదికి అరవై, ఎనభై గుడ్లు పెడుతుంది; పది పదిహేను పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తెచ్చిన వనరాజా నూరు, నూట పది పెడితే, గ్రామప్రియ పెరట్లో నూట అరవై నుంచి నూట ఎనభై దాకా పెడుతుంది. అక్కడే ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన రాజశ్రీ కూడా ఇంచుమించు ఈ కోవదే. వీటికి పొదుగు అలవాటు తక్కువ. లేయర్ కోడితో పోలిస్తే సంఖ్య సగమే కావచ్చు, కానీ ఒంటి మీద ఒత్తిడి కూడా సగమే. రెండో ఏడాదిలో ఎముకలు అంతగా కరగవు. అయినా వరి ఊళ్ల పెరటి కోళ్లకు పలుచటి పెంకు ఒక చిక్కు. అవి తినే వడ్లు, నూకలు, తవుడులో కాల్షియం దాదాపు లేనట్టే, తవుడులో ఉన్న భాస్వరంలో ఎక్కువ భాగం కోడికి అందని రూపంలో ఉంటుంది. లేయర్ దాణాలో మూడున్నర, నాలుగు శాతం కాల్షియం కలుపుతారు, ముదురు కోళ్లకు నాలుగు పైన. అదీ సన్నటి పొడిగా కాకుండా గింజంత పలుకులుగా, సాయంత్రం మేతలో పెడతారు; అలాగైతే కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతుంది, పెంకు పడే వేళకు చేతికందుతుంది. పెరట్లో ఇంత ఏర్పాటు అక్కర్లేదు. సున్నపురాయి పలుకులో గుల్లల పలుకులో దొరికితే సాయంత్రం ఒక చిప్పలో విడిగా పెడితే చాలు, అవసరమైన పెట్ట తనే తింటుంది. ఇంట్లో పారేసే గుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, నలగ్గొట్టి పెట్టినా పనిచేస్తుంది.

బాన్సువాడ చుట్టూ ఊళ్లలో ఈ గుడ్డును దగ్గర్లో తినే చోటు ఏది? తెలంగాణ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు గుడ్లు. రెండు వందల మంది పిల్లలున్న బడికి వారానికి ఆరు వందలు, అంటే సగటున రోజుకు ఎనభై ఆరు. గ్రామప్రియ లాంటి కోడి వయసులో ఉండగా రెండు రోజులకో గుడ్డు పెడుతుందనుకుంటే నూట డెబ్బై రెండు కోళ్లు కావాలి. రెండో ఏడాదికి వచ్చి నలభై శాతానికి దిగినా రెండు వందల పదిహేను చాలు. మహిళా సంఘం సభ్యులు ఇంటికి ఇరవై కోళ్ల చొప్పున పెంచితే మొదటి లెక్కకు తొమ్మిది ఇళ్లు, రెండో లెక్కకు పదకొండు. కోడి ముసలిదైనందువల్ల అదనంగా కావాల్సింది రెండు ఇళ్లు! గుడ్డు పెద్దదవుతుంది కనుక పిల్లకు అందే తిండి తగ్గకపోగా పెరుగుతుంది. దీనికి అడ్డు చెప్పేవాళ్ల మొదటి మాట సరఫరా: పెరటి కోళ్లు చలికాలంలో తగ్గుతాయి, పొదుగుకు కూర్చుంటాయి, రోగమొస్తే ఒక్కసారే పోతాయి. కొక్కెర తెగులుకు టీకాలు వేయించకుండా ఈ లెక్క వేస్తే వాళ్లదే నిజమవుతుంది. రెండో మాట ధర: లారీలో వచ్చే ఫారం గుడ్డుతో పెరటి గుడ్డు పోటీ పడలేదు. బజారులో నాటు గుడ్డుకు ఎక్కువ ధర పలుకుతుంటే మహిళా సంఘం సభ్యురాలు బడికి తక్కువకు ఎందుకిస్తుంది? ఇవ్వదు, ఇవ్వాలని అడగడమూ న్యాయం కాదు. కానీ బజారుకు పోవాల్సింది చిన్నదైనా గట్టిగా ఉండే లేత కోడి గుడ్డు. పెద్దదై పలచబడ్డ రెండో ఏడాది గుడ్డు బజారుకు పోయేదాకా పగలకుండా ఉంటుందన్న నమ్మకం లేదు. పగిలిపోయే గుడ్డుకు ఎక్కువ ధర రాసుకుని లాభం లేదు. ఆ తేడా మీదే బడి వంట ఏజెన్సీకీ సంఘానికీ బేరం కుదరాలి.

పిల్లలను ఏ నెలలో తెచ్చుకోవాలన్నది కూడా ఈ లెక్కలో భాగమే. జులై మొదట్లో తెచ్చిన పిల్లలు ఇరవై నాలుగు వారాలకు, డిసెంబరు నడుమ గుడ్డుకొస్తాయి. అప్పుడు పగలు పదకొండు గంటలే ఉన్నా, అక్కణ్నుంచి పొద్దు పెరుగుతూ పోతుంది. పెరిగే వెలుతురు పెట్టను గుడ్డుకు తెస్తుంది. మొదటి ఏప్రిల్‌కు వాటి వయసు నలభై వారాల లోపే, ఎండను కాస్త తట్టుకోగల ఈడు. పెంకు బాగా పలచబడే మే నెలలో బడికి సెలవులు. జూన్‌లో బడి తెరిచేసరికి యాభై వారాలు. పెద్ద గుడ్లు అప్పుడే మొదలు. దసరాకు అరవై ఏడు. అక్కడ ఇంటివాళ్లకు రెండు దారులు. ఫారం లేయర్ కోడి ముదిరాక మాంసానికి పలికేది చాలా తక్కువ, పెరటి రంగు కోడికి మాత్రం దసరాకు, బోనాలకు మంచి ధరే వస్తుంది. సగం పెట్టలను దసరాకు అమ్మి ఆ డబ్బుతో కొత్త పిల్లలను తెచ్చుకోవచ్చు. గట్టి పెంకు పెడుతున్నవాటిని ఏరి రెండో ఎండాకాలం ముందుదాకా ఉంచుకోవచ్చు. ఏ పెట్ట పెంకు గట్టిగా పెడుతోందో పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు. గ్రామప్రియ గుడ్డు గోధుమ రంగుది; ఆ రంగు పాలిపోయి, వేలితో తడిమితే గరుకుగా తగిలే గుడ్డు ఏ పెట్టదో వారం రోజులు గమనిస్తే, దసరాకు ఏవి పోవాలో తేలిపోతుంది.